అనుమానానికి నోచుకోని లాడీ

లాడీ వొండ్రా ఆ వేసవిలో ఇరవయ్యో హోమ్ రన్ కొట్టిన రోజున లిపా క్రాసింగ్ ఊరంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. లాడీకి ఒళ్లు మండిపోయింది.

చప్పట్లు కొడితే ఒళ్లు మండడమేమిటని ఆ వేసవి సంగతి తెలియనివాళ్లు అడుగుతారు. ఆ ఏడు దేశంలో ఎవడు బంతిని కంచె దాటించినా జనం ముందు చేసే పని చప్పట్లు కొట్టడం కాదు, వాడి చేతుల వైపు చూడడం. బేస్‌బాల్ పెద్ద లీగుల్లో హోమ్ రన్ల లెక్క కొన్నేళ్లుగా పెరిగి పెరిగి కూర్చుంది. ఆటగాళ్లు కండలకు స్టెరాయిడ్ సూదులు పొడిపించుకుంటున్నారని టీవీలో పొద్దస్తమానం అదే గోల. చట్టసభలో కోట్లు తొడుక్కున్న పెద్దమనుషులు ఆటగాళ్లకు కూడా కోట్లు తొడిగించి కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగారు. ఆటగాళ్లకు ఆ కోట్లు చంకల దగ్గర పట్టేశాయి. మా ఊరికి ఆ రుజువు చాలు.

నెబ్రాస్కా మొక్కజొన్న చేల మధ్య ఉన్న మా ఊరికీ ఒక జట్టు ఉంది. పేరు గాండర్స్, అంటే మగబాతులు. పెద్ద లీగుకి ఎక్కలేకపోయిన కుర్రాళ్లు, ఎక్కుతామన్న ఆశ వదులుకున్న పెద్దవాళ్లు ఆడే చిన్న లీగు అది. అయినా దేశానికి వచ్చిన జబ్బు మాకు రాకపోతే ఎలా? కుడివైపు కంచె వెనక బెంచీల మీద కూర్చునే గుంపుకి పెద్ద ఎమిల్ కుబిచెక్, కసాయి కొట్టు మూసేసి తీరిగ్గా ఉన్న మనిషి, ఊళ్లో సగం మందికి మామ. ఆయన ఫ్రిజ్‌లు వచ్చిన అట్టపెట్టెలు కోసి మనిషంత పొడుగు ఇంజెక్షన్ సూదులు చేశాడు. పరాయి జట్టువాడైనా, మనవాడైనా బంతి కంచె దాటిస్తే చాలు, బెంచీల మీద అట్ట సూదులు లేచేవి.

మా జట్టులో ట్రెంట్ హాలోవే అని ఫ్లోరిడా కుర్రాడు ఒకడున్నాడు. వాడికి మెడ, తల ఒకే కొలత. వాడు బ్యాట్ పట్టుకుని వస్తే సూదుల అడవి మొలిచినట్టుండేది. వాడు సిగ్గుపడలేదు సరికదా, "లాడీ అన్నా, ఆ సూదుల ఫోటో అమ్మకి పంపించా. ఫ్రేము కట్టించి హాల్లో పెట్టింది" అని చెప్పుకుని మురిసిపోయాడు.

లాడీకి మాత్రం సూది లేవలేదు. కొలాచి లేచింది.

కొలాచి అంటే మధ్యలో గుంట నొక్కి పండ్ల గుజ్జు నింపి కాల్చే మెత్తటి బన్ను. చెక్ దేశం నుంచి వచ్చిన మా ఇళ్లన్నిటిలోనూ చేస్తారు గానీ, లాడీ భార్య ఆర్లీన్ చేసి అమ్మేవాటిలా ఎవరూ చెయ్యలేరు. ఎమిల్ అట్టను గుండ్రంగా కోసి, నడిమధ్య ఆప్రికాట్ రంగు పూసి, లాడీ హోమ్ రన్ కొట్టినప్పుడల్లా దాన్ని ఎత్తి ఊపేవాడు. "పెళ్లాం పెట్టిన బలం రా అది" అని అరిచేవాడు. బెంచీలన్నీ ప్రేమగా నవ్వేవి. ఆ ప్రేమే లాడీ ప్రాణం తీసేది.

నిజానికి ఊరిని తప్పుపట్టడానికి లేదు. లాడీకి ముప్పై ఆరేళ్లు. బెల్టు మీదికి జారిన పొట్ట, మెట్లు దిగేటప్పుడు మూలిగే మోకాళ్లు. చలికాలంలో కౌంటీ వాళ్ల మంచు తోసే బండి నడుపుతాడు, ఆదివారం చర్చిలో వెనక వరసలో నిలబడి పాడతాడు. పదకొండేళ్లు ఫస్ట్ బేస్ దగ్గర ఆడి ఏ ఏడూ తొమ్మిదికి మించి హోమ్ రన్లు కొట్టలేదు. అలాంటివాడు ఉన్నట్టుండి ఇరవై కొడితే అనుమానం రావాలా, వద్దా? రాలేదు. ఒకడు గాలి అన్నాడు. ఒకడు ఈ ఏడు బంతులు గట్టిగా ఉన్నాయన్నాడు. ఇంకొకడు పిచర్లు లాడీని చూసి జాలిపడి మెత్తగా విసురుతున్నారన్నాడు. ఆ మూడోవాడిని లాడీ ఇప్పటికీ పలకరించడు.

అసలు సంగతి లాడీకీ ఆర్లీన్‌కీ తప్ప ఎవరికీ తెలియదు. రాబోయే సీజనే నీకు ఆఖరిది, ఆ తర్వాత నిన్ను తీసుకోం అని జట్టువాళ్లు చలికాలానికి ముందే చెప్పేశారు. ఆ మాట విన్న రోజు నుంచి చలికాలం పొడుగునా, మంచు తోసి ఇంటికి రాగానే లాడీ ట్రాక్టరు షెడ్డులోకి దూరేవాడు. పాత ట్రాక్టరు టైరుని దూలానికి వేలాడదీసి దాన్ని బ్యాట్‌తో బాదేవాడు. తర్వాత ఆర్లీన్ రెండు కోట్లు వేసుకుని, చెవులు కప్పే మామగారి టోపీ పెట్టుకుని, బోర్లించిన బకెట్ మీద కూర్చుని కింది నుంచి బంతులు విసిరేది. అతను కొట్టేవాడు, ఆమె ఏరుకొచ్చేది, మళ్లీ విసిరేది. అరచేతులు పగిలి నెత్తురు కారితే ఆవుల పొదుగులకు రాసే మలాం రాసేది. అలా బాదగా బాదగా జనవరిలో ఎప్పుడో లాడీకి తెలిసొచ్చింది, పదకొండేళ్లుగా తను ఎడమ కాలు ఒక్క క్షణం ఆలస్యంగా ఎత్తుతున్నాడని. ఆ సంగతి తెలిసిన రోజు అతను షెడ్డులో నేల మీద కూలబడి, నవ్వాలో ఏడవాలో తెలియక, టైరుని తిట్టాడు.

మరి ఊరికి చెప్పుకోవచ్చు కదా అంటే, మా ఊళ్లో ఆ పద్ధతి లేదు. ఇల్లు కాలిపోతుంటే ఆర్పినవాడు కూడా "ఏదో నీళ్లు పోశాను" అనాలి. అంతకు మించి ఒక్క మాట అన్నా గొప్పలు చెప్పుకునేవాడని మనవల కాలం దాకా పేరు ఉండిపోతుంది. ఎవరైనా అడిగితే చెప్పవచ్చు. అడగాలంటే ముందు వాళ్లకు వింతగా తోచాలి. గాలి వల్ల అనుకునేవాడు, కొలాచి వల్ల అనుకునేవాడు ఎందుకు అడుగుతాడు? ఎలా కొట్టావని ఒక్క మనిషి అడిగేలోపు సీజన్ అయిపోతుందేమోనని లాడీకి బెంగ పట్టుకుంది.

అందుకని తనమీద తనే అనుమానం పుట్టించుకోవాలనుకున్నాడు.

సూదులు వేసుకునేవాళ్లకు తల పెరుగుతుందని టీవీలో చెప్పారు. లాడీ జట్టు బట్టల గదిలోకి వెళ్లి అందరికీ వినపడేట్టు, "ఆల్బీనా అత్తా, నాకు రెండు సైజులు పెద్ద టోపీ కావాలి" అన్నాడు.

జట్టు బట్టలు చూసుకునే ఆల్బీనా అతనికి దూరపు మేనత్త. తలెత్తకుండానే, "ఆర్లీన్ వేడినీళ్లలో ఉతికుంటుంది. వద్దని ఎన్నిసార్లు చెప్పాను" అంది.

"టోపీ కుంచించుకుపోలేదు అత్తా. తల పెరిగింది."

ఆల్బీనా లేచొచ్చి అతని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "జలుబు చేసి తల బరువెక్కింది నాయనా. పెరగడమేంటి. సాయంత్రం వెల్లుల్లి సూప్ పంపిస్తా, తాగి పడుకో."

సూప్ వచ్చింది. పెద్ద టోపీ కూడా వచ్చింది. మర్నాడు ఎత్తుగా లేచిన బంతి కోసం పరుగెత్తుతుంటే ఆ టోపీ ముక్కు దాకా జారి, బంతి వచ్చి భుజం మీద పడింది. బెంచీల మీద ఓదార్పుగా కొలాచి లేచింది.

మందు వేసుకునేవాళ్లకు ఉన్నట్టుండి పిచ్చి కోపం వస్తుందని కూడా టీవీలోనే చెప్పారు. లాడీ ఆ వారమంతా కోపం కోసం ఎదురుచూశాడు. ఒక అంపైర్ తప్పుగా అవుట్ ఇవ్వగానే, ఇదే అదను అనుకుని, జట్టు కూర్చునే చోటికి వచ్చి మంచినీళ్ల పీపాని రెండు చేతులా ఎత్తి నేలకేసి కొట్టాడు. ప్లాస్టిక్ పీపా పగల్లేదు, మూత మాత్రం ఊడింది. కుర్రాళ్ల బూట్లన్నీ తడిసిపోయాయి. వాళ్ల మొహాలు చూసి లాడీకి మనసు చివుక్కుమంది. తనే తుడుపుకర్ర తెచ్చుకుని తుడుస్తూ కూర్చున్నాడు. ఆట మధ్యలో ఆ అంపైరే అతని దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "లాడీ, ఇంట్లో అంతా బాగేనా? ఆర్లీన్‌కి ఒంట్లో బాగుందా?" అని అడిగాడు.

ఇక మిగిలింది పరీక్ష. ఆ ఏడు లీగు వాళ్లు ఫిన్లే అనే మనిషిని ఊరూరూ తిప్పారు. చల్లపెట్టెలో ప్లాస్టిక్ డబ్బాలు పెట్టుకుని వచ్చేవాడు. ఆటగాళ్ల నంబర్లు చీటీల మీద రాసి టోపీలో వేసి తీసేవాడు. నంబరు వచ్చినవాడు అతని ఎదుట నిలబడి డబ్బాలో మూత్రం పోసివ్వాలి. ట్రెంట్ నంబరు మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ ఏమీ దొరకలేదు, బెంచీల మీద సూదులు మాత్రం దిగలేదు. లాడీ నంబరు ఒక్కసారీ రాలేదు. చివరికి ఉండబట్టలేక తనే వెళ్లాడు.

"నన్ను కూడా పరీక్ష చెయ్యండి."

"మీ నంబరు రాలేదు కదండీ" అన్నాడు ఫిన్లే.

"రాకపోతేనేం. ఇప్పుడే ఇస్తాను. కావాలంటే రెండు డబ్బాలిస్తాను."

"తమంతట తాము వచ్చినవాళ్ల దగ్గర తీసుకోకూడదండీ. తప్పు చేసినవాడు ఎలాగూ రాడు. చెయ్యనివాడిది తీసుకుని మేమేం చేసుకుంటాం?"

"నేను తప్పు చేశానేమో. మీకేం తెలుసు?"

"చేసుంటే వచ్చేవారు కాదు కదండీ."

లాడీ ఆ మాటని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. ఎక్కడా దూరడానికి సందు కనపడలేదు. "మరి నాలాంటివాడిని పరీక్ష చెయ్యాలంటే ఏం జరగాలి?" అన్నాడు.

"ఫిర్యాదు రావాలండీ. మిమ్మల్ని బాగా ఎరిగినవాళ్లు ఎవరైనా అనుమానం ఉందని చెప్పాలి" అంటూ ఫిన్లే చల్లపెట్టె మూసేశాడు.

లాడీ ఇంటికొచ్చేసరికి ఆర్లీన్ వంటింట్లో కొలాచి పిండి పిసుకుతోంది. అతను కుర్చీలో కూలబడ్డాడు.

"నన్ను చూస్తే ఎవరికీ భయం వెయ్యదా ఆర్లీన్?"

"నాకేస్తుంది. నువ్వు కారు రివర్స్ తీసేటప్పుడు."

అతను నవ్వలేదు. ఆమె పిండి పిసకడం ఆపింది. "షెడ్డు సంగతి చెప్పెయ్యొచ్చుగా" అంది.

"నా గొప్ప నేనే చెప్పుకోనా? మా నాన్న సమాధిలోంచి లేచొస్తాడు."

"పోనీ నేను చెప్పనా?"

"మొగుడి గొప్ప పెళ్లాం చెప్పడమా? అంతకంటే ఊరొదిలి పోవడం నయం. వాళ్లంతట వాళ్లు అడగాలి. ఒక్కడు అడిగితే చాలు నాకు. ఫిన్లే ఏమన్నాడో తెలుసా? నన్ను బాగా ఎరిగినవాళ్లు అనుమానించాలట. నన్ను ఎరిగినవాడు ఎవడు అనుమానిస్తాడు?"

ఆర్లీన్ పిండిని ఎత్తి బల్ల మీద ఒక్కటిచ్చింది.

సీజన్ ఆఖరి ఆట సెప్టెంబరు మొదట్లో, సెలవు రోజున పడింది. ఆర్లీన్ ఎప్పుడూ చర్చి పాటల ఆడవాళ్లతో ముందు వరసలో కూర్చుంటుంది. ఆ రోజు మాత్రం టేబులు గుడ్డలో చుట్టిన పొడుగాటి వస్తువొకటి చంకన పెట్టుకుని కుడివైపు బెంచీలకు వెళ్లింది. కొలాచీలు తెచ్చిందనుకుని ఎమిల్ సంతోషంగా జరిగి చోటిచ్చాడు.

లాడీ ఇరవై ఆరోది కొట్టాడు. బ్యాట్‌కి తగలగానే తెలిసిపోయింది, ఇది కంచె దాటడమే కాదు, కంచె వెనక కోళ్లఫారం దాకా పోతుందని. తల వంచుకుని మెల్లగా పరుగు మొదలుపెట్టాడు. కొలాచి లేస్తుందని తెలుసు కాబట్టి చూడకూడదనుకున్నాడు, అయినా చూశాడు. లేచింది. దాని పక్కనే ఒక సూది కూడా లేచి ఉంది.

బేకరీ పెట్టెల అట్టలు అతికించి చేసిన వంకర సూది. దాని నిండా ఎర్ర ఐసింగ్ రంగు. దాని కింద, రెండు చేతులూ చాపి, నవ్వకుండా, ఆర్లీన్.

లాడీ తప్పక తొక్కాల్సిన సెకండ్ బేస్‌ని తొక్కడం మరిచిపోయి దాటిపోయాడు. అందరూ అరిస్తే వెనక్కి పోయి తొక్కి వచ్చాడు.

బెంచీల మీద తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. "ఆర్లీన్, పొరపాటున సూది ఎత్తావమ్మా" అన్నాడు ఎమిల్.

"పొరపాటేం కాదు మామా."

"లాడీకా సూది?"

"పదిహేనేళ్లుగా కాపురం చేస్తున్నా. ఆ చేతులు ఇదివరకటి చేతులు కావు. చలికాలంలో మారిపోయాయి. రోజూ సాయంత్రం షెడ్డులోకి పోయి తలుపేసుకునేవాడు. మందు రాసింది కూడా నేనే." ఆర్లీన్ అబద్ధం ఆడి ఎరగదు. అప్పుడూ ఆడలేదు.

ఎమిల్ కొలాచిని నెమ్మదిగా ఒళ్లో పెట్టుకున్నాడు. పక్కవాడు దాన్ని తీసి బెంచీ కిందికి తోసేశాడు. ఆట ముగిసేలోపు మాట మైదానం చుట్టూ తిరిగి, సాసేజ్ తింటున్న ఫిన్లే చెవిన పడింది. స్వయంగా భార్యదే ఫిర్యాదు. ఫిన్లే ఆవాల ముద్ద అంటిన మూతి తుడుచుకుని చల్లపెట్టె అందుకున్నాడు. లాడీ ఆఖరిసారి బ్యాట్ పట్టుకుని వచ్చేసరికి కుడివైపు బెంచీల మీద ఎమిల్ చేసిన సూదులన్నీ లేచి ఉన్నాయి. అతను మూడు బంతుల్లో అవుటైపోయాడు. కళ్లలో నీళ్లు నిండితే బంతి ఎలా కనపడుతుంది?

తీరా పరీక్ష గదిలో నిలబడ్డాక డబ్బాలో చుక్క పడలేదు. ఇన్నాళ్లూ రెండు డబ్బాలిస్తానన్న మనిషికి సంతోషంతో అన్నీ బిగుసుకుపోయాయి. ఫిన్లే కుళాయి తిప్పి నీళ్ల చప్పుడు వినిపించాడు. తలుపు బయట నుంచి ట్రెంట్, "అన్నా, అది ఏ మందో నాకొక్కడికి చెప్పన్నా" అని ఎంతో మర్యాదగా అడిగాడు. దాంతో పని జరిగింది.

ఫలితం రావడానికి మూడు వారాలు పట్టింది. లాడీ జన్మలో అంత మంచి రోజులు లేవు. మంగలి అతని తల చుట్టూ టేపు పెట్టి కొలిచి ఈల వేశాడు. చర్చిలో పాటగాళ్లు అతనికి రెండువైపులా చోటు వదిలారు. తల పెరిగిందని వాడు నాకు ముందే చెప్పాడని ఆల్బీనా ఊరంతా చాటింది. ఆర్లీన్ కొలాచీల దగ్గర మాత్రం తమాషా జరిగింది. ఏం కలుపుతోందోనని ఆడవాళ్లు కొనడం మానేశారు. మొగవాళ్లు పెరటి గుమ్మం దగ్గరికొచ్చి, అటూ ఇటూ చూసి, రెట్టింపు పట్టుకెళ్లారు. వాళ్లలో ఇద్దరు మర్నాడు కట్టెలు కొట్టడానికి వెళ్లి నడుములు పట్టేసుకున్నారు.

తర్వాత ఫిన్లే ఫోన్ చేశాడు. లాడీలో ఏమీ లేదు. ఆస్ప్రిన్ కూడా లేదు.

ఆ కబురు విని లాడీ మొహం పాలిపోయింది. మళ్లీ కొలాచి బతుకే కదా అనుకున్నాడు. ఉదయం కాఫీకి వెళ్లకుండా ఇంట్లో కూర్చుంటే, ఆర్లీన్ కోటు తెచ్చి ఒళ్లో పడేసి, "పో" అంది. వెళ్లాడు. కాఫీ హోటల్లో ఎమిల్, అతని బెంచీ జనం ఎప్పటి బల్ల దగ్గరే ఉన్నారు. లాడీ వెళ్లి వాళ్లతో కూర్చున్నాడు.

"ఏమీ లేదటగా" అన్నాడు ఎమిల్.

"లేదట మామా."

"సూదులు లేవు. మాత్రలు లేవు."

"లేవు."

"మరి గాలి అయ్యుంటుంది" అన్నాడు ఒకడు.

"ఆగస్టంతా గాలి ఎదురు కొట్టింది. నా టోపీ రెండుసార్లు కంచె మీంచి మైదానంలో పడింది" అన్నాడు ఎమిల్. "బంతులా? అవే బంతులు అందరికీ. కొలాచీలా? నేను మూడు వారాలుగా తింటున్నా, చొక్కా గుండీలు తప్ప ఏదీ ఎగరలేదు." కాఫీ పక్కకు నెట్టి లాడీ వైపు తిరిగాడు. ఊరికి ఇక వేరే దారి మిగల్లేదు. "అయితే ఇరవై ఆరు ఎలా కొట్టావురా?"

పది నెలలుగా ఆ ప్రశ్నకు లాడీ జవాబు తయారుచేసి పెట్టుకున్నాడు. మంచు బండి నడుపుతూ వల్లె వేసుకున్నాడు. ఇప్పుడు ఒక్క ముక్క గుర్తు రాలేదు.

"ఎడమ కాలు" అన్నాడు.

"ఏంటీ?"

"ఎడమ కాలు మామా. పదకొండేళ్లూ ఆలస్యంగా ఎత్తాను."

మూలనున్న చీపురు తీసుకుని లేచి నిలబడ్డాడు. పాత కాలు ఎలా ఎత్తేవాడో చూపించాడు, కొత్త కాలు ఎలా ఎత్తుతున్నాడో చూపించాడు. షెడ్డు, టైరు, పొదుగు మలాం అన్నీ చెప్పాడు. వెయిట్రెస్ కాఫీ కూజా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఎమిల్ అతని చెయ్యి పట్టుకుని అరచెయ్యి తిప్పి, కాయలు కాచిన చోటల్లా బొటనవేలితో నొక్కి చూశాడు.

"టైరు సరే. నీకు బంతులు ఎవరు విసిరారు?"

ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారని లాడీ అనుకోలేదు. చీపురు పట్టుకుని నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఏడ్చేశాడు. "ఆర్లీన్" అన్నాడు. "చలికాలమంతా. బకెట్ మీద కూర్చుని."

బల్ల దగ్గర ఎవరూ అతని వైపు చూడలేదు. మొగవాడు ఏడుస్తుంటే మా ఊళ్లో అదే మర్యాద.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక ఆర్లీన్ చర్చి కింది హాల్లోకి ఎప్పటిలాగే కొలాచీల పళ్లెం పట్టుకుని వచ్చింది. ఎమిల్ లేచి నిలబడ్డాడు. బల్ల కింద నుంచి కొత్తగా చేసిన అట్ట సూదిని తీసి, పైకప్పు తగిలేదాకా ఎత్తి పట్టుకున్నాడు. సూది లాడీకేననుకుని ఆర్లీన్ పళ్లెంతో ఆగిపోయి అతని కోసం చూసింది. హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ ఆమె చేతుల వైపు చూశారు.